ఎడారి జీతం... ఎన్ని గంటల దూరంలో ఇల్లు?

తబూక్‌లో రియాల్ రియాల్ కూడబెట్టి హైదరాబాద్ చుట్టుపక్కల జాగా కొంటున్నారు మనవాళ్లు. వాళ్లు చూడాల్సింది గజం ధర ఒక్కటే కాదు. ఆ ఇంట్లో ఉండి రోజూ సిటీకి వెళ్లి రావాల్సిన వాళ్ల ప్రయాణం కూడా.

సౌదీ అరేబియా వాయవ్య భాగాన, జోర్డాన్ సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్ల ఇవతల ఉంటుంది తబూక్. ఎడారే అయినా చలికాలంలో ఈ ప్రాంతపు కొండల మీద మంచు పడుతుంది. ఒకప్పుడు డమాస్కస్ నుంచి మదీనా వెళ్లే హెజాజ్ రైలు ఇక్కడ ఆగేది. సైనిక స్థావరాలు, పూలు, పండ్ల తోటలు చాలాకాలంగా ఈ ఊరికి ఆధారం. 2022 జనగణన నాటికి నగర జనాభా ఆరు లక్షలకు చేరువైంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దారి పట్టిన వాళ్లలో కొందరు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, ఎలక్ట్రీషియన్లుగా ఇక్కడికీ చేరారు.

డ్యూటీ దిగి గదికి వచ్చాక ఇంటికి చేసే ఫోన్లలో పిల్లల చదువు తర్వాత ఎక్కువగా వినిపించే మాట జాగా. శంకర్‌పల్లిలో గజం ఎంతుంది? షాద్‌నగర్‌లో ఇంకా దొరుకుతుందా? చౌటుప్పల్ దాకా పోవాలా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఏజెంట్లు ఎప్పుడూ సిద్ధమే. ‘అన్నా, ఈ వారం బుక్ చేస్తే గజం మీద వెయ్యి తగ్గిస్తం’ అన్న మాట వాట్సాప్‌లో రాని గల్ఫ్ ఫోన్ అరుదు. ఒక మనిషి యవ్వనమంతా ఖర్చుపెట్టి కొనే వస్తువు గురించి అంత తొందరలో తేల్చుకోకూడదు.

పక్కనే పెద్ద పాఠం

పెద్ద నగరం పేరు చుట్టుపక్కల నేలను ఏం చేస్తుందో తబూక్‌లో ఉన్నవాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2017 అక్టోబరులో రియాద్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులో యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ నియోమ్ నగర ప్రాజెక్టును ప్రకటించారు. 50 వేల కోట్ల డాలర్ల అంచనా, 26,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, అది ప్రధానంగా తబూక్ ప్రావిన్సులోనే. 2021 జనవరిలో 170 కిలోమీటర్ల పొడవైన ‘ద లైన్’ నగరం ప్రకటన వచ్చింది. నియోమ్ పనులకు కేంద్రమైన షర్మా తీరం తబూక్ నగరానికి సుమారు 200 కిలోమీటర్లు. మామూలుగా రోజూ వెళ్లి వచ్చే దూరం కాదది. అయినా తబూక్ స్థలాల బేరాల్లోకి నియోమ్ పేరు వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత లెక్క మారింది. 2030 నాటికి ద లైన్‌లో 15 లక్షల మంది ఉంటారన్న అంచనాను మూడు లక్షల లోపుకు కుదించారని, ఆ గడువుకు పూర్తయ్యేది 2.4 కిలోమీటర్లేనని 2024 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ రాసింది. ఒక దేశపు ఖజానా వెనకున్న ప్రాజెక్టుకే అంచనాలు ఇలా తగ్గాయి. పటంలో గీసిన గీతను చూసి డబ్బు పెట్టేవాడు రాబోయే పదేళ్లకు ఇవాళే ధర కడుతున్నాడు. ఆ పదేళ్లు ఇరవై అయితే నష్టం అతనిదే.

మరి తబూక్‌లోనే ఇల్లు కొనుక్కోవచ్చా? 2025 జులైలో సౌదీ ప్రభుత్వం విదేశీయుల ఆస్తి హక్కుపై కొత్త చట్టం ఆమోదించింది. అది 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. చట్టబద్ధంగా నివసించే విదేశీయులు, మక్కా, మదీనా మినహా, తాము ఉండటానికి ఒక ఇల్లు కొనుక్కునే వీలు అందులో ఉంది. కానీ కార్మికుడి అకామా, అంటే నివాస అనుమతి, అతని ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. పని పోతే ఆ దేశంలో ఉండే హక్కూ పోతుంది. ఆస్తి చూపించి ప్రీమియం రెసిడెన్సీ తెచ్చుకోవాలంటే దాని విలువ కనీసం 40 లక్షల రియాళ్లు ఉండాలి. అందుకే మనవాళ్ల చూపు ఇంటివైపే.

ప్రయాణం చేసేది ఎవరు?

2017 జులై నుంచి సౌదీలో ఉండే విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. ఏటేటా పెరిగి 2020 నాటికి 400 అయ్యింది. భార్య, ఇద్దరు పిల్లలు దగ్గరుంటే నెలకు 1,200 రియాళ్లు దానికే పోతాయి. ఎన్నో కుటుంబాలు తిరిగి వచ్చేశాయి. వచ్చినవాళ్లలో కొందరు సొంతూరికి కాకుండా పిల్లల ఇంటర్, ఇంజినీరింగ్ కోసం హైదరాబాద్ అంచులకు చేరారు.

ఈ మొత్తం వ్యవహారంలో అసలు ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. ప్లాటు కొనే మనిషి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటాడు. ఆ ఇంటి నుంచి రోజూ బస్సెక్కేది అతను కాదు. ఉద్యోగానికి వెళ్లే భార్య, కాలేజీకి వెళ్లే కూతురు, నెలకోసారి గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్లాల్సిన తల్లి. బ్రోచరు మాత్రం అతనికి వస్తుంది, నిర్ణయమూ అతనే తీసుకుంటాడు. దూరం భరించేవాళ్లను అడగకుండా దూరం కొంటున్నాం.

ఒక లెక్క వేద్దాం. నెలకు 2,000 రియాళ్ల జీతం అనుకుందాం. గది, తిండి, ఫోను ఖర్చులకు 500 పోతే 1,500 ఇంటికి వస్తాయి. రియాల్‌ను 23 రూపాయలుగా పట్టుకుంటే 34,500 రూపాయలు. ఇంటి ఖర్చులకు 22 వేలు తీస్తే మిగిలేది నెలకు 12,500, ఏడాదికి లక్షన్నర. గజం 12 వేల చొప్పున 150 గజాల ప్లాటు 18 లక్షలు. అంటే పన్నెండేళ్ల కష్టం. అప్పటికి ఇంకా ఒక్క ఇటుకా పేర్చలేదు.

అదే 18 లక్షలకు సిటీలో ఐటీ కంపెనీలున్న వైపు ఏమొస్తుంది? 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట నియోపోలిస్ భూమి ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. ఎకరాకు 4,840 గజాలు కాబట్టి రాయదుర్గం ధర గజానికి మూడున్నర లక్షలకు పైమాటే. మన కార్మికుడి పన్నెండేళ్ల పొదుపుకు అక్కడ ఐదు గజాలు కూడా రావు. కాబట్టి దూరం వెళ్లక తప్పదు. ఎంత దూరం, ఏ దారిన అన్నదే ప్రశ్న.

కిలోమీటర్లు కాదు, గంటలు

బ్రోచర్లలో దూరం ఎప్పుడూ ఔటర్ రింగ్ రోడ్డు నుంచి మొదలవుతుంది. ‘ఔటర్ నుంచి ఇరవై నిమిషాలు’ అంటారు. 158 కిలోమీటర్ల ఔటర్ గొప్ప రోడ్డే, కానీ అది సొంత కారున్నవాళ్ల రోడ్డు. కారు లేని ఇంటికి లెక్క వేరు. ప్లాటు నుంచి మెయిన్ రోడ్డుకు ఆటో, అక్కడ బస్సు కోసం నిరీక్షణ, దిగాక మరో బస్సో మెట్రోనో. ఒకవైపు రెండు గంటలు పడితే రోజుకు నాలుగు గంటలు. నెలకు 25 రోజులంటే వంద గంటలు. ఎనిమిది గంటల పనిదినాల కింద చూస్తే నెలలో పన్నెండున్నర రోజులు రోడ్డు మీదే. చౌకగా వచ్చిందనుకున్న ప్లాటు ఆ బాకీని ఏళ్ల తరబడి వసూలు చేస్తుంది.

అందుకే రైలు స్టేషన్లను ముందు చూడాలి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు లింగంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమాలను కలిపింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ వైపు సేవలు విస్తరించాయి. కొత్త మార్గాల్లో రైళ్లు ఇంకా తక్కువే కాబట్టి వేళలు చూసుకునే నిర్ణయించుకోవాలి. శంకర్‌పల్లి వికారాబాద్ లైన్లో, షాద్‌నగర్ మహబూబ్‌నగర్ లైన్లో ఉన్నాయి. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే వంద గజాలు, హైవే మీద బోర్డు తప్ప మరేమీ లేని రెండొందల గజాల కంటే మేలు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆ బస్సు వచ్చే చోట ఇల్లుంటేనే అది ఉపయోగం.

మరో మాట కూడా చెప్పాలి. గల్ఫ్ పొదుపంటే ప్లాటే అన్న అలవాటు మనది. ఖాళీ ప్లాటు అద్దె తేదు, పిల్లకు కాలేజీని దగ్గర చేయదు. అదే డబ్బుకు మరికొంత జోడిస్తే మౌలాలి, మల్కాజిగిరి లాంటి రైలు దగ్గరి బస్తీల్లో పాత, చిన్న ఫ్లాటు దొరుకుతుందేమో ముందు వెతకండి. నీళ్లు, బడి, ఆసుపత్రి ఇప్పటికే ఉన్న చోటు అది.

రీజినల్ రింగ్ రోడ్డు, ముచ్చర్ల వైపు ఫ్యూచర్ సిటీ పేర్లతో జరిగే అమ్మకాలకు తబూక్ పాఠమే వర్తిస్తుంది. అవి రావచ్చు, రావాలి కూడా. కానీ రాని రోడ్డుకు మీ రియాళ్లతో ధర కట్టకండి. ఇవాళ నడుస్తున్న బస్సుకు, రైలుకు, పారుతున్న కుళాయికి మాత్రమే ధర కట్టండి.

కొనకూడనివి, కొనేముందు చూడాల్సినవి

చౌకగా వస్తున్నాయని గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఎన్నారైలకు పెద్ద ప్రమాదం. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా ప్రకారం ఎన్నారైలు మన దేశంలో ఇళ్లు, వాణిజ్య స్థలాలు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఫరవాలేదు. ఉద్యోగానికి సౌదీ వెళ్లిన కార్మికుడూ ఈ చట్టం దృష్టిలో ఎన్నారైయే. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

ప్రీలాంచ్ ఆఫర్లూ అంతే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ అడగకూడదు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి చూడటానికి తబూక్‌లోని ఫోన్ చాలు.

లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ ఫైనల్ అనుమతి ఉందా? ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా? సర్వే నంబరు 22ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందా? చెరువు నిండితే నీరు నిలిచే ఎఫ్‌టీఎల్‌లోకి, దాని చుట్టూ ఉండే బఫర్‌లోకి వస్తుందా? 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతల తర్వాత ఈ చివరి ప్రశ్నను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. అనుమతి లేని లేఅవుట్లో కొని ‘తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకోవచ్చు’ అనుకోవద్దు. 2020లో ఆ లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకానికి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటికి కదలిక రావడానికి ఏళ్లు పట్టింది.

రిజిస్ట్రేషన్‌కు రాలేనివాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. తబూక్ ప్రాంతం జెద్దాలోని భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. అక్కడ ధ్రువీకరించిన పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ చెల్లించాలి. ఆ పత్రంలో కొనే ఆస్తి సర్వే నంబరు, గజాలు, అధికారం ఏ పనికో స్పష్టంగా రాయించండి. అన్ని పనులకూ అన్ని అధికారాలూ ఇచ్చే పత్రం తమ్ముడికైనా ఇవ్వొద్దు. అది అపనమ్మకం కాదు, ఇద్దరికీ రక్షణ. డబ్బు మీ ఎన్నారై ఖాతా నుంచి నేరుగా అమ్మకందారు ఖాతాకే వెళ్లాలి.

ఇన్ని చూసుకున్నాక కూడా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆ ప్లాటుకు ఏజెంటు కారులో, ఆదివారం వెళ్లకండి. సోమవారం ఉదయం ఏడు గంటలకు ఇంటావిడతో, పిల్లలతో కలిసి అక్కడి నుంచి కాలేజీకీ ఆఫీసుకూ బస్సులోనో రైల్లోనో వెళ్లండి, సాయంత్రం అదే దారిన తిరిగి రండి. ఆ దారి రోజూ నడవాల్సినవాళ్లు సరేనంటేనే అడ్వాన్స్ ఇవ్వండి.