గుణాన్ని మార్చే మెదడు జబ్బు

యాభై దాటిన ఇంటి యజమాని. నెమ్మదస్థుడని ఊరంతా పేరు. అట్టివాడు కొన్నాళ్లుగా చావింట నవ్వుతున్నాడు, పక్కవారి కంచంలో చెయ్యి పెడుతున్నాడు, చేతికందిన డబ్బు ఎవరికిపడితే వారికి ఇచ్చేస్తున్నాడు. భార్య ఏడ్చినా అతనికి పట్టదు. అయితే దారులు, పేర్లు, నిన్నటి సంగతులు అన్నీ జ్ఞాపకమే! గనుక జబ్బని ఎవరూ అనుకోరు. పొగరంటారు, లేదా దయ్యమంటారు. రెండూ అన్యాయపు మాటలే.

ఇది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా కావచ్చు. ఈ జబ్బులో నుదుటి వెనుక, కణతల లోపల ఉన్న మెదడు భాగాలు క్రమంగా కుంచించుకుపోతాయి. జాలి, నిగ్రహం, మాట వాటి మీదనే ఆధారపడి ఉన్నాయి. ఎక్కువగా 45 నుండి 65 ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఇట్టి రోగిని 1892లో ప్రాగ్ నగర వైద్యుడు ఆర్నాల్డ్ పిక్ వర్ణించాడు.

చాలామందికి ఇది వంశం నుండి రాదు. కొన్ని కుటుంబాలలో మాత్రం తరతరాలుగా దిగివస్తుంది. తల్లికో తండ్రికో ఆ జన్యులోపం ఉంటే, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.

1998లో శాస్త్రజ్ఞులు 17వ క్రోమోజోములో టావు అనే ప్రోటీను జన్యువు చెడినట్టు కనుగొన్నారు. నరకణంలోని సన్నని గొట్టాలకు టావు గుంజలాంటిది. చెడితే ఉండలు కడుతుంది. చిక్కు వీడిందనుకున్నారు. కాని అదే క్రోమోజోముతో సంబంధమున్న మరికొన్ని కుటుంబాలలో టావు జన్యువు బాగానే ఉంది, మెదడులో టావు ఉండలూ లేవు! ఎనిమిదేళ్లకు, 2006లో, అసలు కారణం దొరికింది. అది టావుకు ఇరుగుపొరుగున ఉన్న ప్రోగ్రాన్యులిన్ జన్యువే. దాని రెండు ప్రతులలో ఒకటి పనిచేయక, ప్రోటీను సగమే తయారవుతుంది. వీరి మెదడులో గడ్డకట్టేది టిడిపి-43 అనే వేరే ప్రోటీను. కణకేంద్రకంలో ఉండవలసినది బయటికి వచ్చి పేరుకుంటుంది.

2011లో 9వ క్రోమోజోములో మరో లోపం తెలిసింది. ఆరు అక్షరాల వరుస వందలు, వేల సార్లు తిరిగి తిరిగి వస్తుంది. దీనివల్ల ఒకే ఇంట అన్నకు బుద్ధి మారవచ్చు, తమ్ముడికి కాళ్లు చేతులు చచ్చుబడవచ్చు.

జబ్బును ఆపే మందు ఇంకా లేదు. గద్దిస్తే రోగి మారడు. డబ్బు, పొలం కాగితాలు జాగ్రత్త పెట్టి, నరాల వైద్యునికి చూపించండి. ఇక ఎదిగిన పిల్లలు, "నాకూ వస్తుందా?" అని అడుగుతారు. రక్తపరీక్ష ఉంది. చేయించుకోవాలో వద్దో బిడ్డే తేల్చుకోవాలి, అదీ జన్యుసలహాదారునితో మాట్లాడిన తరువాతనే. తెలుసుకోకుండా ఉండే హక్కూ ఆ బిడ్డకు ఉంది.