ఆరె నుంచి ట్యునీషియన్ క్రోషే దాకా

కుట్టుసూదికి బెజ్జం ప్రాణమైతే కొక్కెపు సూదికి అసలు బెజ్జమే లేదు. కడ్డీ చివర చిన్న గాడి చెక్కి, ఆ గాడి పైపెదవిని కాస్త వంచితే కొక్కెపు సూది తయారైనట్లే, అయినా ఈ ఒక్క తేడాతోనే రెండు పనిముట్ల దారులూ వేరైపోయాయి. కుట్టుసూది దారం కొసను తన వెంట ఈడ్చుకుపోతుంది కాబట్టి ప్రతి కుట్టుకూ మిగిలిన దారమంతా బట్టలోంచి దూరి రావాలి, అందువల్ల కుట్టేవారు బారెడుకు మించి దారం ఎక్కించరు. కొక్కెం దారాన్ని కొస దగ్గర కాక నడుమ పట్టుకుని ఒక్క మడతను మాత్రమే లాగుతుంది, ఉండ ఉన్నచోటే ఉంటుంది, దారం ఎంత పొడవున్నా పని ఆగదు. ఇలా లాగిన మడతను అల్లేవారు లూపు అంటారు. ఒక లూపులోంచి ఇంకొక లూపును లాగుతూ పోతే గొలుసు, ఆ గొలుసును పక్కపక్కన ముడివేస్తూ పోతే గుడ్డ. ట్యునీషియన్ క్రోషే అనే అల్లిక ఈ కొక్కెం సంతతిలో కడగొట్టు బిడ్డల్లో ఒకటి.

కొక్కెం పుట్టింది నూలు పనిలో కాదు, తోలు పనిలో అనుకోవడానికి భాషే ఒక ఆధారం ఇస్తుంది. సంస్కృతంలో ఆరా అంటే చెప్పులు కుట్టేవారి మొనసూది, తెలుగులో అదే ఆరె అయింది. మందపాటి తోలుకు ముందుగా రంధ్రం పొడవాలి, తర్వాత ఆ రంధ్రంలోంచి దారం తీయాలి. మొన పక్కన చిన్న కొక్కెం ఉంటే పొడిచిన ఆరె వెనక్కి వచ్చేటప్పుడు దారాన్ని కూడా పట్టుకొస్తుంది, ఒకే పోటుతో రెండు పనులూ తీరుతాయి. గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు మోచీలు ఈ తోలుకుట్టును పట్టుబట్టల మీదికి తెచ్చి, సన్నని కొక్కెంతో పూలూ లతలూ నెమళ్లూ కుట్టారు, ఆ పనికి ఆరీ అని పేరు నిలిచింది.

ఆ ఆరీయే నేడు తెలుగునాట పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్క్ అనే పేరుతో కనిపిస్తుంది. కరీంనగర్ నుంచి పెద్దపల్లికి పోయే రాజీవ్ రహదారి మీది సుల్తానాబాద్ వంటి పట్నాల్లో ఈ మాటకు రెండర్థాలు ఉండక తప్పదు, ఎందుకంటే సిరిసిల్ల మరమగ్గాలకు దగ్గరి ఈ సీమలో మగ్గమంటే పడుగు పేకలను కలిపి నేసేది, మగ్గం వర్క్‌లోనిదేమో బట్టను బిగించి కట్టే నాలుగు కర్రల చట్రం మాత్రమే, దానిలో నేత అన్నదే లేదు. కుట్టేవారు బట్ట కింద ఒక చేత్తో దారాన్ని పట్టుకుని, పైనుంచి కొక్కెం దించి, కింది దారాన్ని లూపుగా పైకి లాగి, ఆ లూపులోంచే మళ్లీ కొక్కెం దించుతారు; పైన గొలుసుకుట్టు పరుచుకుంటుంది.

పద్దెనిమిదో శతాబ్దిలో ఈ పని తూర్పు దేశాల నుంచి ఐరోపాకు చేరింది. గుండ్రని చట్రం మీద బట్టను డోలు చర్మంలా బిగిస్తారు గనుక ఫ్రెంచివారు దానిని తంబూర్ అన్నారు, తంబూర్ అంటే వారి భాషలో డోలు. 1770లో సెయింట్ ఒబాఁ అనే రాజాస్థాన చిత్రకారుడు బుటేదారీ కళ మీద రాసిన గ్రంథంలో ఈ కొక్కెపు పనిని వివరించాడు. తర్వాత ఎవరో బట్టను తీసేశారు. ఆధారంగా ఉన్న గుడ్డ లేకుండా గొలుసులను ఒకదానికొకటి తగిలిస్తూ గాలిలోనే అల్లడం క్రోషే అయిందని చరిత్రకారులలో బలమైన అభిప్రాయం ఒకటి ఉంది. క్రోషే అన్న ఫ్రెంచి మాటకు అర్థం కూడా చిన్న కొక్కెమే, మన వాడుకలో అది క్రోషియా అయింది. 1823లో పెనెలోపె అనే డచ్చి పత్రిక తొలి క్రోషే నమూనాలను అచ్చు వేసింది, 1840ల నాటికి ఇంగ్లండులో ఈ పనికి పుస్తకాలు వెల్లువెత్తాయి, ఐర్లండు బంగాళాదుంప కరువులో వేల ఇళ్లకు క్రోషే లేసే కూడు పెట్టింది.

ట్యునీషియన్ క్రోషే 1850ల చివర అచ్చులోకి వచ్చింది. ట్యునీషియా దేశానికీ దీనికీ ఉన్న సంబంధం పేరులో తప్ప మరెక్కడా దొరకదు. ఆ కాలపు ఐరోపా పత్రికలకు దూరదేశపు పేరు తగిలిస్తే కొత్త కుట్టుకు గిరాకీ పెరుగుతుందన్న సంగతి బాగా తెలుసు. విక్టోరియా రాణి పెద్ద కుమార్తె 1858లో ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్ విలియంను పెళ్లాడగా, ఇంగ్లండులో ఇదే కుట్టు ఆ రాకుమారి పేరుతో కూడా చెలామణి అయింది. అమెరికన్లు ఊలు దుప్పటిని అఫ్ఘాన్ అంటారు కాబట్టి అక్కడ అఫ్ఘాన్ కుట్టు అయింది, ఇంకొకచోట రైల్వే అల్లిక, మరొకచోట ట్రికో. తెరేస్ ద డిల్మాఁ 1886 నాటి తన సూదిపనుల విజ్ఞానసర్వస్వంలో ట్యునీషియన్ అన్న పేరుకే చోటిచ్చింది, అదే నిలిచింది. ఇన్ని పేర్లలో కుట్టు స్వభావాన్ని చెప్పే పేరు ఒక్కటీ లేకపోవడం వింతే.

మామూలు క్రోషేలో కొక్కెం మీద చాలావరకు ఒకటో రెండో లూపులు ఉంటాయి, ఒక కుట్టు పూర్తయ్యాకే రెండోది మొదలవుతుంది. ట్యునీషియన్‌లో వరుసలోని లూపులన్నీ కొక్కెం మీదే వరసగా నిలబడతాయి, అందువల్ల ఆ కొక్కెం జానెడుకు బదులు మూరకు దగ్గరగా, పొడవునా ఒకే లావుతో, లూపులు జారిపోకుండా చివర గుండీతో ఉంటుంది. దుప్పటి వంటి వెడల్పాటి పనికి చివర మెత్తని తీగ తగిలించిన కొక్కెమూ దొరుకుతుంది.

పని ఇలా సాగుతుంది. మొదట 20 గొలుసులు వేసుకుని, కొక్కెం పక్కనున్న మొదటి గొలుసును వదిలి, మిగిలిన ప్రతి గొలుసులోకీ కొక్కెం దూర్చి, దారం పట్టి, లూపు లాగి, దాన్ని విడవకుండా కొక్కెం మీదే ఉంచుకుంటూ పోతే కొక్కెం మీద ముందే ఉన్నదానితో కలిపి కుడి నుంచి ఎడమకు 20 లూపులు చేరతాయి, ఇది ముందు వరుస. తర్వాత పనిని తిప్పకుండానే, దారం పట్టి ఒక లూపులోంచి లాగి, ఆపైన దారం పట్టినప్పుడల్లా రెండేసి లూపుల్లోంచి లాగుతూ వెనక్కి వస్తే, 19 సార్లకు కొక్కెం మీద ఒక్క లూపు మిగులుతుంది, ఇది తిరుగు వరుస. రెండూ కలిస్తేనే ఒక వరుస. ఇప్పుడు గుడ్డ ముఖాన వరుసగా నిలువు కడ్డీలు కనిపిస్తాయి. మొదటి కడ్డీని వదిలి, రెండోదాని కింద నుంచి కొక్కెం దూర్చి మళ్లీ లూపులు తీయాలి. కొత్తవారి చేతిలో గుడ్డ వరుసవరుసకూ సన్నబడి త్రికోణంగా తేలుతుంటే, ఎడమ చివరి కడ్డీ అంచులో దాగి కంటికి ఆనకపోవడమే చాలాసార్లు కారణం; ఆ చివరి కుట్టులో ఒక పోగు కింద కాక రెండు పోగుల కింద కొక్కెం దూర్చితే అంచు గట్టిపడుతుంది, లెక్కా తప్పదు. ప్రతి ముందు వరుస చివర 20 ఉన్నాయా అని ఎంచుకోవడం మొదటి వారంలో తప్పనిసరి, ఆ తర్వాత వేళ్లే ఎంచుతాయి.

నేత తెలిసిన ప్రాంతంలో ఈ గుడ్డను చూసినవారికి ఒక పోలిక వెంటనే తడుతుంది: నిలువు కడ్డీలు పడుగులా, తిరుగు వరుస గొలుసు పేకలా కనిపిస్తాయి. పోలిక చూపుకే గానీ నిర్మాణానికి కాదు, ఎందుకంటే నేతలో పడుగూ పేకా వేర్వేరు పోగులు, ఇక్కడ మొదటి గొలుసు నుంచి చివరి లూపు దాకా ఉన్నది ఒక్కటే దారం, దాని కొస పట్టి లాగితే గుడ్డంతా మళ్లీ ఉండ అయిపోతుంది. రెండు సూదులతో అల్లే స్వెట్టర్‌తో పోల్చినా తేడా ఉంది. స్వెట్టర్‌లో ఒక లూపు జారితే, దాని కింది లూపు, దాని కిందిది, అలా నిచ్చెనమెట్లలా కిందికి ఊడిపోతుంది. ట్యునీషియన్‌లో ప్రతి వరుసకూ తిరుగు గొలుసు తాళం వేసినట్లు బిగుస్తుంది కాబట్టి జారిన లూపు ఆ వరుసలోనే ఆగుతుంది. నేర్చుకునేవారికి ఇంతకన్నా దయగల అల్లిక అరుదు. గళ్లు దాదాపు చతురస్రంగా రావడం వల్ల, అల్లిన గుడ్డనే కాగితపు గళ్లలా వాడుకుని దాని మీద రంగుదారాలతో ఇంటూకుట్టు వేసుకోవచ్చు.

దయ ఉన్నా లోపాలు లేకపోలేదు. ముఖాన కడ్డీలు, వీపున బొడిపెలు ఉండి రెండు వైపుల బిగువు సమానంగా ఉండదు గనుక గుడ్డ కింది అంచు ముఖం వైపు చుట్టుకుంటుంది. మామూలు క్రోషేకు వాడేదానికన్నా ఒకటి రెండు సైజులు పెద్ద కొక్కెం పట్టడం, దారాన్ని బిగించి లాగకపోవడం, పూర్తయ్యాక తడిపి గుండుసూదులతో చదునుగా పరిచి ఆరబెట్టడం దీనికి ఉపాయాలు. దారం కూడా ఎక్కువే తాగుతుంది, గుడ్డ మందంగా బరువుగా వస్తుంది.

ఈ కొక్కెం కథలో యంత్రం పాత్ర ఎవరూ ఊహించని మలుపు తీసుకుంది. 1589లో విలియం లీ అనే ఇంగ్లీషు మతగురువు మేజోళ్లు అల్లే చట్రం కట్టినప్పుడు, చేతి అల్లికలోని నున్నని సూదులను వదిలి, ప్రతి లూపుకూ ఒక కొక్కెపు సూదిని నిలబెట్టాడు. 1849లో లెస్టర్‌కు చెందిన మాథ్యూ టౌన్‌సెండ్ పేటెంటు పొందిన సూదిలో కొక్కెం నోటికి చిన్న గొళ్లెం వచ్చింది. కొత్త దారం కొక్కెంలో పడగానే పాత లూపు కడ్డీ వెంట పైకి జరిగి గొళ్లేన్ని మూసేస్తుంది, మూసిన కొక్కెం మీదుగా పాత లూపు జారిపోతుంది, కొత్త లూపు లోపల నిలుస్తుంది. చేత్తో అల్లేవారు ఇదే పనిని గొళ్లెం లేకుండా మణికట్టుతో చేస్తారు: దారం పట్టగానే కొక్కెం నోటిని కొద్దిగా కిందికి తిప్పి లాగితే నోరు పాత లూపుకు తగులుకోదు. పదిమందిలో తొమ్మిదిమందికి మొదట పట్టుబడనిది ఈ మెలికే. నేడు తిరుప్పూరులో తయారయ్యే ప్రతి బనియనూ ఇలాంటి వేల కొక్కేల నోళ్ల నుంచి వచ్చినదే, కనుక ట్యునీషియన్ కొక్కేన్ని బనియన్ యంత్రానికి చేతిపని చుట్టంగా భావించడం పొరపాటు కాదు.

అయితే ఆ చుట్టరికం క్రోషేను యంత్రం పాలు చేయలేదు. అల్లిక యంత్రపు సూది మీద ఎప్పుడూ ఒక లూపు ఉంటుంది, కాబట్టి దానికి వెతికే పని లేదు. క్రోషేలో కొక్కెం ఎప్పుడో పూర్తయిన గుడ్డలో సరైన పోగును వెతికి పక్కనుంచి దూరాలి, ఆ వెతుకులాట కన్నూ వేలూ కలిసి చేసేది. జర్మనీలోని బీలెఫెల్డ్ పరిశోధకులు ఈ దశాబ్దంలోనే అసలు క్రోషే వేయగల నమూనా యంత్రాన్ని రూపొందించారు గానీ, బజారులో దొరికే క్రోషే వస్తువు ఇప్పటికీ ఎవరో ఒకరి చేతిపనే.

ఎవరి చేతిపని అన్న ప్రశ్నకు తెలుగునేల దగ్గర ఒక జవాబు ఉంది. 1844 ప్రాంతంలో మెక్రే అనే మిషనరీ దంపతులు పశ్చిమ గోదావరిలోని నర్సాపురంలో స్త్రీలకు క్రోషే లేసు నేర్పారని చెబుతారు. గోదావరి ఎగువన, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలోనూ మిషనరీల చొరవతో లేసు పని సాగింది. కచ్ వైపున తోలు మీద తిరిగిన కొక్కెం, ఐరోపా చుట్టి, సీమపనిగా గోదావరి ఒడ్డుకు చేరింది. నర్సాపురంలో ఒకరు పూలు అల్లితే ఇంకొకరు వాటిని కలిపి అతుకుపని చేస్తారు, వర్తకులు సరుకును విదేశాలకు ఎగుమతి చేస్తారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో ఈ స్త్రీలు ఇంటిపని గాక రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లుతున్నా, వర్తకులు దానిని ఇల్లాళ్ల తీరికవేళ కాలక్షేపంగా లెక్కకట్టి కూలి తగ్గించారని చూపింది. హాబీ అనే మాటను క్రోషే విషయంలో వాడేటప్పుడు ఈ చరిత్రను గుర్తుంచుకోవడం న్యాయం. తన తీరికలో తన కోసం అల్లుకోవడం వేరు, కూలి పనికి తీరిక అని పేరు పెట్టడం వేరు. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాలక్షేపంగా అల్లేవారి పట్టుదల తక్కువదేమీ కాదు: 2016 జనవరిలో చెన్నైలో దేశం నలుమూలల స్త్రీలు అల్లి కలిపిన దుప్పటి 11,148.5 చదరపు మీటర్లతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

ఉత్తర తెలంగాణలో ట్యునీషియన్ క్రోషేకు తగిన కాలం చలికాలమే. ఆదిలాబాద్ చలికి మందపు గుడ్డ గుణమవుతుంది, ఏప్రిల్ మే ఎండలకు అదే గుడ్డ భారమవుతుంది, అప్పుడు నూలుదారంతో బల్ల మీది చాపలో, సంచులో అల్లుకోవడం మేలు. ఈ సీమ కురుమలు దక్కనీ గొర్రెల ఊలుతో నేసి చింతగింజల గంజి పట్టించే గొంగడి వాననూ చలినీ ఆపుతుంది గానీ, ఆ ఊలు ముతకది, కొక్కెంలో చిక్కుపడుతుంది. అభ్యాసానికి ఉండల్లో వచ్చే అక్రిలిక్ ఊలే అనువు. మొదటి పనికి లేతరంగు దారం, 6 మిల్లీమీటర్ల కొక్కెం, 20 గొలుసులు చాలు, నల్లదారం మాత్రం వద్దు, కడ్డీలు కనబడవు. లూపులు 20 దాటకపోతే మామూలు పొట్టి కొక్కెంతోనే, బొటనవేలు ఆనే చదును భాగం లేనిది చూసుకుని, ఒక చిన్న చదరం అల్లి చూడవచ్చు. ఆ చదరం కింది అంచు చుట్టుకుంటే అది అల్లినవారి తప్పు కాదు.