గర్భిణుల్లో మధుమేహం: కొర్ర మంచిదే, కొలత తప్పనిసరి

అనంతపురం మెట్ట ప్రాంతంలో సాలుసరి వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఒకప్పుడు ఇక్కడి ఎర్ర నేలల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ, అలసంద, అనుములు పండేవి. పండిన పంటే ఇంటి తిండి. వేరుశనగ ఏకపంటగా విస్తరించడం, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రావడంతో పొలంతో పాటు కంచమూ మారింది. గర్భిణుల్లో మధుమేహం గురించి మాట్లాడేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

వ్యాధి, గుర్తింపు

గర్భధారణ సమయంలో మావి నుంచి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తాయి. ఆ లోటును శరీరం పూడ్చుకోలేనప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఫలితంగా శిశువు అధిక బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది. తల్లికి భవిష్యత్తులో టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు అధికమవుతుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించిన 2 గంటల తర్వాత చక్కెర 140 మి.గ్రా. లేదా అంతకు మించితే వ్యాధి ఉన్నట్లు. ఈ పరీక్షను తొలి సందర్శనలోనూ, అప్పుడు లేదని తేలితే 24–28 వారాల మధ్య మరొకసారీ చేయాలి.

మన సలహాలో లోపం

"సిరిధాన్యాలు తినండి" అని ప్రచారం చేశాం గానీ, ఎంత, ఏ రూపంలో అన్నది చెప్పలేదు. 100 గ్రాముల కొర్ర బియ్యంలోనూ సుమారు 60 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. వరితో పోలిస్తే పీచు, మాంసకృత్తులు ఎక్కువ కావడమే కొర్ర ప్రత్యేకత. పదేపదే పాలిష్ పడితే ఆ పీచు తవుడుతో పోతుంది. రాగిలో సున్నం సమృద్ధిగా ఉన్నా, మెత్తని పిండితో కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది. రక్తహీనత నివారణకు ఇచ్చే బెల్లం, చిక్కీ, ఖర్జూరం కూడా ఈ తల్లులకు తగవు. వారికి ఇనుము మాత్రలు, ఆకుకూరలు, గుడ్డు మేలు.

కంచంలో ఏముండాలి?

సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు కొర్ర అన్నం, జొన్న రొట్టె లేదా గట్టి సంగటి. మిగిలిన పావు వంతు పప్పు, ఉడికించిన ఉలవలు, అలసందలు లేదా గుడ్డు. రోజూ ఒకే గరిటెతో కొలిచి వడ్డించుకోవాలి. మూడు పూటల భోజనం మధ్య గుప్పెడు ఉడికించిన వేరుశనగ, చక్కెర లేని మజ్జిగ తీసుకోవచ్చు. భయంతో కడుపు మాడ్చుకోరాదు; తూకం తక్కువగా ఉన్న గర్భిణికి పస్తు మరింత హాని. రెండు వారాల ఆహార నియమం తర్వాత కూడా, భోజనం చేసిన 2 గంటలకు చక్కెర 120 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటే వైద్యుల సలహాపై ఇన్సులిన్ లేదా మందులు వాడాలి. కొర్ర తింటున్నామని మందు మానరాదు.

పొలం నుంచి మొదలు

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన సూర్యనంది కొర్ర సుమారు 75 రోజుల్లో కోతకు వస్తుంది. ఎకరాకు 2 కిలోల విత్తనం సరిపోతుంది. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కందిని అంతరపంటగా వేస్తే కంచంలోని ధాన్యమూ పప్పూ ఒకే చేనులో లభిస్తాయి. అయితే ఊళ్లో పొట్టు తీసే యంత్రం లేనిదే ఆ గింజ వంటింటికి చేరదు.

కాన్పుతో బాధ్యత తీరదు. ఆరు వారాలకు తల్లికి తిరిగి పరీక్ష చేయించాలి. పొలానికి వెళ్లే మనం ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కలిసి, విత్తనంతో పాటు వడ్డించే కొలతనూ చూపినప్పుడే మన సలహా సంపూర్ణమవుతుంది.