33 ఏళ్ళు మంచులో దాగిన చిత్రాలు

ఫిలిముపై వెలుగు పడిన క్షణాననే బొమ్మ ఏర్పడుతుంది. కాని అది కంటికి కనబడదు. జిలాటిన్ పొరలోని వెండి లవణపు రేణువులలో, వెలుగు తాకిన చోట, కొద్దిపాటి వెండి పరమాణువులు మాత్రమే పోగవుతవి. డెవలపరు ద్రావణంలో ముంచినప్పుడు అట్టి రేణువు యావత్తూ నల్లని వెండిగా మారుతుంది. తక్కినవానిని హైపో కరిగించివేస్తుంది. మరి, ముంచకుండా ఉంచితే ఆ గుప్తచిత్రం ఎంతకాలం నిలుస్తుంది?

1897 జూలై 11వ తేదీన ఆంద్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ అనే ముగ్గురు స్వీడను దేశీయులు ‘ఓర్నెన్’ అనే వాయుగోళంలో ఉత్తరధ్రువానికి బయలుదేరినారు. మూడు రోజులకే అది మంచుపై వాలిపోయినది. కాలినడకన తిరుగుముఖం పట్టినవారు ఇల్లు చేరలేదు. 1930లో తెల్లదీవి అనే హిమద్వీపంలో వారి అస్థికలు, దినచర్య పుస్తకాలు, వానితోపాటు బొమ్మలు తీసిన ఫిలిములు దొరికినవి.

వానిని స్టాక్‌హోములోని సాంకేతిక విద్యాలయంలో బోధించే జాన్ హెర్ట్స్‌బెర్గ్ చేతిలో పెట్టినారు. ఆయన చిక్కును విద్యార్థులు ఊహించుకొనవలెను. పాత ఫిలిములో వెలుగు వ్రాసిన వ్రాత నానాటికీ సన్నగిల్లుతుంది. వెలుగు ఎరుగని రేణువులు సైతం కాలక్రమాన తమంత తామే పండి, డెవలపరులో నల్లబడి, బొమ్మపై మసక కమ్ముతవి. పొటాసియం బ్రోమైడు చేర్చితే మసక అణగుతుంది. కాని అసలే బలహీనమైన బొమ్మను కూడ అది కొంత అణచివేస్తుంది. వేడిమి ఈ క్షయాన్ని త్వరపరుస్తుంది, చలి ఆపుతుంది. ధ్రువప్రాంతపు చలి ఆ విధంగా మేలే చేసినది గాని, కరిగిన మంచునీరు జిలాటిన్‌ను మెత్తబరచి చెరచినది.

మన ఇళ్ళలో బీరువా అడుగున దొరికే పాత చుట్టకైతే కొసను చిన్నముక్క కత్తిరించి ముందు పరీక్షించవచ్చును. తప్పితే పోయేది ఒక ముక్కే. ఆ ఫిలిములలో ఏ ముక్క కొస, ఏది మనిషి ముఖమో ఎవరికి తెలుసు? ఒకసారి ద్రావణంలో ముంచినదానిని మరల వెనుకకు తీయలేము గదా!

సుమారు 240 బొమ్మలలో 93 దక్కినవి. ఒకదానిలో వాయుగోళం మంచుపై ఒరిగి ఉన్నది. ఇద్దరు మనుష్యులు నిలిచి దానినే చూస్తున్నారు. మూడవవాడు, 24 ఏళ్ళ స్ట్రిండ్‌బెర్గ్, కానరాడు. కెమెరా అతని చేతిలో ఉన్నది.