సెఫీ మంచి పిల్లే... కానీ

ఇంగ్లండులో మీ పిల్లలు సెకండరీ స్కూల్లో ఉంటే, 'నాట్స్ అండ్ క్రాసెస్' అనే నవల ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంట్లో కనబడే ఉంటుంది. మాలరీ బ్లాక్‌మన్ రాశారు, 2001లో వచ్చింది. 2020లో బీబీసీ సీరియల్‌గా కూడా తీసింది. పిల్లల ప్రేమకథే కదా అని పక్కన పెట్టకండి. వాళ్ళు పడుకున్నాక మీరూ ఓసారి చదవండి.

ఇందులో లోకం తలకిందులుగా ఉంటుంది. నల్లవాళ్ళు క్రాస్‌లు, పెత్తనమంతా వాళ్ళదే. తెల్లవాళ్ళు నాట్‌లు, అంటే సున్నాలు. సెఫీ పెద్ద రాజకీయ నాయకుడి కూతురు. కాలమ్ వాళ్ళమ్మ మెగీ ఆ ఇంట్లోనే పనిచేసేది. పిల్లలిద్దరూ కలిసి పెరిగారు. ఒకరోజు అమ్మగారి కోసం అబద్ధం ఆడలేదని మెగీ పని ఊడింది. ఆ తర్వాత పిల్లలు చాటుగా సముద్రం ఒడ్డున కలుసుకోవాల్సి వచ్చింది.

కాలమ్‌కి క్రాస్‌ల బడిలో సీటు వస్తుంది. మొదటి రోజే గేటు దగ్గర పెద్ద గొడవ. వాడి మీదికొస్తున్న తనవాళ్ళని ఆపాలని సెఫీ గట్టిగా అరుస్తుంది. ఆ అరుపులోనే నాట్‌లని తిట్టే మాట ఒకటి నోరు జారుతుంది. చూశారా! కాపాడబోయిన పిల్లే వాడి మనసు విరిచేసింది. ఆ మాట ఆ పిల్లకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పి ఉండరు. వింటూ వింటూ నోటికి పట్టేసిందంతే.

నన్ను ఇంకా కదిలించింది ఒక చిన్న ప్లాస్టర్. ఒక నాట్ పిల్ల తెల్లటి నుదుటి మీద ముదురు గోధుమరంగు పట్టీ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. కొట్లో అదొక్క రంగే దొరుకుతుంది మరి. అంతవరకూ సెఫీకి ఆ సంగతి తట్టనే లేదు. తన ఒంటికి సరిపోయేదే కదా అమ్ముతున్నారు!

కాలమ్ కూడా శ్రీరామచంద్రుడేం కాదు. ఇంటి మీద దెబ్బ మీద దెబ్బ పడ్డాక వాడి కోపం ఎవరి మీదికి మళ్ళుతుందో చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. సెఫీ వాళ్ళమ్మ జాస్మిన్‌నైతే ఏమనాలో నాకు తెలియలేదు. పేరుకి పెద్దిల్లు. పట్టించుకోని మొగుడు, చేతిలో మందు గ్లాసు. జాలీ వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

ఇది మన కథ కూడానండీ. ఇక్కడ ఎవరైనా "అసలు మీదే దేశం?" అని రెండోసారి అడిగితే మనకి చురుక్కుమంటుంది. అదే సెలవులకి ఊరెళ్ళినప్పుడు, పనమ్మాయికి విడిగా పెట్టిన గ్లాసు మనలో ఎందరికి కంటబడుతుంది? మన పక్కన నిలబడ్డ పిల్లలకి మాత్రం కనబడుతుంది. మా అమ్మాయి అడిగింది కూడా. మా అత్తగారు వినిపించుకోనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

కథలో హింస ఉంది కాబట్టి, చిన్నవాళ్ళకి ఇచ్చేముందు మీరు చదివి చూడండి. ముగింపు నేను చెప్పను, రుమాలు దగ్గర పెట్టుకోండి. సీరియల్ చూశాం కదా అనుకోవద్దు, అందులో ముగింపు వేరు.