దూలం ఎత్తే బడి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో మిద్దె కూలిన ప్రతిసారీ ఒక విద్య కట్టెల రేటుకు అమ్ముడుపోతోంది. ఆ విద్య తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాటి పక్కన నిలబడి నేర్చుకునేవాళ్ళే కరువు.

పాత మిద్దె కూల్చేటప్పుడు ముందు దిగేది చౌడు మన్ను. తర్వాత దంతెలు, ఆఖరున దూలం. మన్ను దిబ్బకు పోతుంది, కలప పాత సామాను వ్యాపారి లారీ ఎక్కుతుంది. పొడవెంత, లావెంత, టేకా వేపా అని చూసి వెల కడతారు. కొసన వడ్లాయన చేసిన పనికి మాత్రం వెల లేదు. పైగా బెజ్జం ఉన్నంత మేర కోసి పారేస్తారు. వ్యాపారి లెక్కలో అది తరుగు. ఆ ఇల్లు అన్నేళ్ళు నిలబడింది మాత్రం ఆ మూరెడు ముక్క పుణ్యాన.

ఆ ముక్కను ఒకసారి తిప్పి చూడండి. పక్కల మీద బాడిశ దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా కనిపిస్తాయి. మధ్యలో ఉలితో తొలిచిన బెజ్జం. స్తంభం తలను నాలుకలా చెక్కి ఇందులో దించుతారు. నాలుక మందం కలప వెడల్పులో సుమారు మూడో వంతు. అంతకంటే పలచనైతే నాలుక విరుగుతుంది, మందమైతే బెజ్జం గోడలు చీలతాయి. బరువు మోసేది నాలుక కాదు, దానికి రెండు పక్కలా చెక్కిన భుజాలు. నాలుక పని అటూ ఇటూ జరగకుండా పట్టుకోవడమే. పక్కనుంచి కొయ్య చీల దిగితే అతుకు పూర్తి. పనిమంతుడైతే నాలుకలోని చీల రంధ్రాన్ని భుజం వైపు ఒక్క నూలంత జరిపి వేస్తాడు. చీల దిగుతుంటే రెండు కొయ్యలూ తమంతట తాము దగ్గరకు బిగుసుకుంటాయి. ఇనుప మేకు ఒక్కటీ అక్కర్లేదు.

ఈ పనిని పుస్తకంలో చదవొచ్చు, వీడియోలో చూడొచ్చు. ఆ నూలు ఎంతో మాత్రం చెయ్యి పెడితే తప్ప తెలియదు.

మిద్దెలోని లెక్క

చంద్రగిరిలోని రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అందులో కలప వాడనే లేదు. రాజులకు ఆ స్తోమత ఉంది. అదే సీమలో రైతు మాత్రం దూలం లేకుండా ఇల్లు కట్టలేకపోయాడు. మందపాటి మట్టి గోడలు, లోపల కొయ్య స్తంభాలు, వాటి మీద దూలం, దూలానికి అడ్డంగా దంతెలు, వాటిపైన చెక్కలో బండలో పరిచి, ఆకు వేసి, మన్ను తొక్కి, చివరగా చౌడు పోసేవారు. తడిస్తే మెత్తుకుని నీటిని కిందికి దిగనివ్వని మన్ను అది. వానలు తక్కువ కాబట్టి సరిపోయింది. వెలుతురుకు గవాక్షి, పొగ పోవడానికీ అదే దారి.

అన్ని టన్నుల మన్ను నెత్తిన మోసే దూలం ఎంత లావుండాలో వడ్లాయన కాగితం మీద లెక్క వేయలేదు. కానీ దూలాన్ని పడుకోబెట్టకూడదని, నిలువుగా వేయాలని ఆయనకు తెలుసు. ఇంజినీరింగ్ పుస్తకాలు చెప్పేదీ అదే. దూలం వెడల్పు రెండింతలు చేస్తే బలం రెండింతలే అవుతుంది. లోతు రెండింతలు చేస్తే బలం నాలుగింతలు, వంగకుండా నిలిచే గుణం ఎనిమిదింతలు. కాస్త వంపున్న కొయ్య దొరికితే వంపు పైకి పెట్టేవాడు, బరువు పడ్డాక అది సమానమయ్యేది. తుమ్మ లాంటి కలపను చెరువులో నానబెట్టి తీస్తే పురుగు పట్టడం తగ్గుతుందనీ, స్తంభం కింద రాయి వేస్తే చెమ్మ ఎక్కదనీ తెలుసు.

ఈ విద్యకు బడి పని జరిగే చోటే. పిల్లవాడు మొదట బాడిశకు సాన పట్టేవాడు, తర్వాత చీలలు చెక్కేవాడు, ఆ తర్వాతే ఉలి చేతికొచ్చేది. ఊరు కళ్ళంలో మేర కొలిచేది కాబట్టి వడ్లాయన ఊళ్ళోనే ఉండేవాడు, ఆయనతో పాటే విద్యా ఉండేది. దూలం ఎత్తే రోజున ఊరి మగవాళ్ళంతా వచ్చి చెయ్యి వేసేవారు.

దీన్ని మరీ ముచ్చటపడి చెప్పుకోవాల్సిన పని లేదు. ఆ బడికి ఒకే తలుపు, అదీ కులం తలుపు. వడ్ల ఇంటి కొడుక్కే ప్రవేశం, కూతురికి లేదు. పక్కింటి పిల్లవాడికి ఎంత ఆశ ఉన్నా బాడిశ పట్టుకునే వీల్లేదు.

పని పోయింది, బడి పోయింది

సిమెంటు స్లాబు వచ్చాక మిద్దె పని పోయింది. రాతి కూసాలు, ఇనుప పైపులు వచ్చాక కొట్టం పనీ సన్నగిల్లింది. ప్రభుత్వమూ కలపకు దూరం జరిగింది. కేంద్ర ప్రజాపనుల విభాగం 1993లో తన కట్టడాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల నరికివేతకూ రంపపు మిల్లులకూ కళ్ళెం పడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చి సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తప్పనిసరి చేసింది. అడవిని కాపాడుకోవడానికి ఇవి అవసరమే. కానీ అడవితో పాటు కలప పని కూడా నేరమేనన్న భావన మనలో స్థిరపడిపోయింది. ప్రజాపనుల విభాగం 2020 జులైలో తన నిషేధం ఎత్తేసింది. అప్పటికి ఒక తరం వడ్రంగులు ప్లైవుడ్ కోసి, మైకా అతికించి, మాడ్యులర్ కిచెన్లు బిగించే పనిలోకి మారిపోయారు. వాళ్ళ నైపుణ్యం తక్కువదేమీ కాదు. అయితే బరువు మోసే కొయ్య పని వేరు.

లోకం మళ్ళీ ఎలా నేర్చుకుంది?

ఇది మన ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో 1830ల నుంచి మిల్లులో కోసిన సన్న చెక్కలు, యంత్రం చేసిన చవక మేకులు వచ్చి, పెద్ద దూలాలతో ఇల్లు కట్టే విద్యను మూలకు నెట్టాయి. అది మళ్ళీ లేచింది 1970ల్లో. కొందరు కుర్రాళ్ళు పాత ధాన్యపు కొట్టాలను విప్పి చూస్తూ అతుకులు నేర్చుకున్నారు, తర్వాత ఇతరులకు నేర్పారు. మసాచుసెట్స్‌లో 1978లో మొదలైన హార్ట్‌వుడ్ స్కూల్ లాంటివి ఈ విద్యను ఎవరైనా చేరగల తరగతిగా మార్చాయి. ఉద్యోగి, విద్యార్థి, రిటైరైన టీచరు కొన్ని రోజులు కలిసి కొయ్యలు చెక్కుతారు. చివరి రోజున అందరూ పట్టి చట్రాన్ని నిలబెడతారు. 1985 నాటికి ఈ పనివాళ్ళకు సొంత సంఘమే ఏర్పడింది.

పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయింది. మధ్యయుగపు పద్ధతిలో దాన్ని మళ్ళీ కట్టడం కుదరదన్న వాదన వచ్చింది. 2020 సెప్టెంబరులో వడ్రంగుల బృందం గొడ్డలితో చెక్కిన ఓక్ చట్రం ఒకదాన్ని చర్చి ముందరి ఆవరణలో అందరి ఎదుట పైకెత్తి చూపింది. కుదురుతుందని తేలింది. 2024 డిసెంబరులో చర్చి తెరుచుకుంది. జపాన్‌లో ఇసే ఆలయాన్ని 20 ఏళ్ళకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో కట్టారు. ఒక తరం చేతి నుంచి ఇంకో తరం చేతికి పని అందడానికి ఆ గడువు సరిపోతుంది.

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ పూరీ. జగన్నాథుడి మూడు రథాలనూ ఏటా అక్షయ తృతీయ నాడు మొదలుపెట్టి కొత్తగా చేస్తారు. ఏటా పని ఉంది కాబట్టే విద్య చెదరలేదు. అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో కాలిపోయిన రథం స్థానంలో 2021 ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్తది నిలిచింది. దేవుడి పని కాబట్టి చేతులు దొరికాయి. రైతు కొట్టానికీ దొరకాలి కదా?

ఏడు రోజుల కొట్టం

అందుకే తరగతి కావాలి. నేర్పడానికి పశువుల కొట్టాన్ని మించిన పాఠ్యాంశం లేదు. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, ఆరు స్తంభాలు. పుంగనూరు ఆవు కోసమైతే దాని ఎత్తు సుమారు మూడడుగులే కనుక, కొట్టానికి ఎత్తు కావాల్సింది పాలు పితికే మనిషి నడుం కోసమే.

మొదటి రోజంతా ఉలికి పదును పెట్టడం, కొయ్య వంపు చూడడం. రెండో రోజు గీతలు. మూలమట్టం పట్టి గీసిన గీత అర నూలు తప్పితే మూడో రోజు తెలుస్తుంది, ఏడో రోజు అందరికీ తెలుస్తుంది. తర్వాత మూడు రోజులు బెజ్జాలు, నాలుకలు. ఆరో రోజు నేల మీదే చట్రాన్ని కూర్చి చూసి, ప్రతి అతుకుకూ అంకె వేస్తారు. ఏడో రోజు ఎత్తుతారు. ఆరు బై ఎనిమిది అంగుళాల 16 అడుగుల పచ్చి వేప దూలం 130 కిలోలు దాటుతుంది. పదిమంది ఒక్క మాట మీద కదిలితే తప్ప అది స్తంభాల మీదికి ఎక్కదు.

మూలలు సరిపోయాయో లేదో చూడడానికి పెద్ద పరికరమేమీ వద్దు. మూల నుంచి మూలకు టేపు పట్టాలి. 12, 16 భుజాలకు కర్ణం 20 అడుగులు రావాలి, రెండు వైపులా అంతే రావాలి. హైస్కూల్లో బట్టీ పట్టిన పైథాగరస్ సిద్ధాంతం తప్పితే కప్పు వంకర పోతుందని ఆ రోజు పిల్లలకు అర్థమవుతుంది.

పాత కొట్టాన్ని ఉన్నదున్నట్టు కట్టడమూ కాదు ఈ తరగతి పని. పాత పద్ధతిలో గుంజల్ని నేలలో పాతేవారు. గాలికి ఊగవు కానీ నేల మట్టాన కుళ్ళి, చెదలు పట్టి విరుగుతాయి. రాయి మీద నిలబెడితే కుళ్ళవు, గాలికి మాత్రం ఊగుతాయి. మిద్దెలో ఆ ఊగుడును మందపాటి గోడ ఆపేది, కొట్టానికి గోడ లేదు. కాబట్టి ప్రతి మూలలో స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా ఊతకర్ర బిగించాలి. త్రికోణం ఏర్పడ్డాక చట్రం కదలదు. పైకప్పు ఎగిరిపోకుండా స్తంభాన్ని అడుగున రాతికీ బిగించాలి. కుప్పం గ్రానైటుకు పేరున్న చోటు, పీఠం రాళ్ళకు కొదవ లేదు. కొయ్య తెలిసిన ముసలాయన, లెక్క తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాల్సింది ఇక్కడే.

కలప ఎక్కడిది?

అడవి నుంచి మాత్రం కాదు. పలమనేరు, కుప్పం మధ్య పరుచుకున్న కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. కొట్టానికి కావాల్సిన కలప గట్టు మీద, తోటలో పెరుగుతోంది. గట్టు మీది వేప, అనుమతితో కొట్టిన తుమ్మ, రైతులు తోటలుగా వేస్తున్న మలబారు వేప, నీలగిరి, సరుగుడు ఉన్నాయి. మదనపల్లె టమోటా రైతు ఏటా తోటకు ఊతంగా నాటే కర్రలూ ఇలాంటి తోటల నుంచే వస్తాయి. హార్స్‌లీ హిల్స్ మీద 1859లో నాటిన నీలగిరి చెట్టు ‘కల్యాణి’ని చూస్తే ఈ నేల ఎంత మానును పెంచగలదో తెలుస్తుంది. దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. నాటిన చెట్టుకు దూలంగా ధర పలికితే, రైతు దాన్ని పొయ్యికో కాగితపు మిల్లుకో పంపే ముందు ఆలోచిస్తాడు. కూల్చిన మిద్దెల దూలాలు ఎలాగూ ఉన్నాయి. వాటి పాత అతుకులు విప్పడమే మొదటి పాఠం కావచ్చు.

ఖర్చు, పూచీ

డబ్బుకు దారి కొంత ఇప్పటికే ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు. అదే ఏడు రోజుల చివర ఒక కొట్టం నిలబడేలా పాఠం రాసుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అయితే ఆ పథకం ఇప్పటికే వృత్తిలో ఉన్నవాళ్ళకు. బయటి నుంచి వచ్చే పిల్లలకు చోటు విద్యాసంస్థలే ఇవ్వాలి. మదనపల్లెకు 1915 నుంచి బీటీ కాలేజీ ఉంది, చెంతనే రిషివ్యాలీ ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పిల్లలు చేత్తో ముట్టుకుని సైన్సు నేర్చుకోవాలనే ఆలోచనతో 1999లో పుట్టిన అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణమూ ఆ ఊరి దగ్గరే. చేతిపని ద్వారా చదువు అన్న మాటను గాంధీజీ 1937లో వార్ధాలో దేశం ముందు పెట్టారు. ఆ మాటను అమలు చేయడానికి ఇంతకంటే అనువైన సీమ అరుదు.

ఏడాదికి మూడు ఊళ్ళలో మూడు తరగతులు చాలు. తరగతికి పన్నెండు మంది, అందులో సగం ఆడపిల్లలు. కట్టిన కొట్టం ఊళ్ళో అవసరమున్న పేద రైతుకు వెళ్ళాలి, కలప ఖర్చు కాలేజీ భరించాలి. నేర్పే వడ్లాయనకు దినకూలీ కాక, గెస్టు లెక్చరర్‌కు ఇచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి. ఈ లెక్కలో అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఆ చివరి అంశమే. ఆయనకు జీతం లేని తరగతి రెండో ఏడు నడవదు.