తూకానికి పోతున్న తాతల సొత్తు

పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్ళినవారు వట్టి చేతులతో ఇంటికి రారు. పిల్లలకు గాజులో బొమ్మలో, పెద్దలకు తస్బీహో అత్తరో కొని తెస్తారు. అందుచేత కానుకల వ్యాపారం ఈ ఊరికి కొత్త కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. గగన్ మహల్, షేర్‌ఖాన్ మసీదు, కోట గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఇలాంటి ఊళ్ళో పాతకాలపు మిద్దెలో చిన్న దుకాణం తెరిచి, కానుకలతో పాటు పాత వస్తువులు కూడా అమ్మాలని మన యువకులు అనుకుంటే అది మంచి ఆలోచనే. కాని కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి.

మన ఇళ్ళలోనే చూడండి. నానమ్మ పాన్‌దాన్, తాత ఉగాల్‌దాన్, పెళ్ళిళ్ళలో పన్నీరు చిలకరించిన గులాబ్‌పాష్, కళాయి పోయిన దేగ్చాలు అటక మీద ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు వాటిని పాత సామాన్ల బండికి వేసేస్తాం. బండివాడు రాగికి, ఇత్తడికి తూకం కట్టి డబ్బు ఇస్తాడు. పనివాడి నేర్పుకు, ఇంటి జ్ఞాపకానికి అతని త్రాసులో బరువు లేదు. మరునాటికి అవి కరిగిపోతాయి. వాటికి సరైన ధర కట్టే దుకాణం ఊళ్ళోనే ఉంటే ఇంటివారికీ లాభం, వస్తువూ బతుకుతుంది.

చట్టం ఏమంటుంది?

1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉంది. నూరేళ్ళు దాటిన విగ్రహాలు, నాణేలు, కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. చారిత్రక, సాహిత్య విలువ గల చేతివ్రాత గ్రంథాలకైతే 75 ఏళ్ళు చాలు. వీటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. ప్రైవేటు వ్యక్తులు వీటిని విదేశాలకు పంపరాదు. పంపితే ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడుతుంది. పొలం దున్నుతుండగా నాణేల కుండ దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, దాని విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలియజేయాలి. ఏనుగు దంతం వస్తువుల జోలికి పోనే కూడదు.

తాతల నాటి ఉర్దూ, ఫార్సీ వ్రాతప్రతుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. వాటి పుటలు విడదీసి అద్దం కట్టి అమ్మేవారున్నారు. అలా చేస్తే ఒక గ్రంథమే చచ్చిపోతుంది.

నమ్మకమే పెట్టుబడి

కొత్త ఇత్తడికి ఆసిడ్ పూసి, మసి పట్టించి, “నవాబుల కాలం నాటిది” అని అంటగట్టడం ఈ వ్యాపారంలోని పెద్ద రోగం. సరుకులోని లోపాన్ని కొనేవారికి చెప్పాలన్నది మన షరీఅత్ నియమం. దాచిపెట్టిన లోపం బయటపడితే సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవారిది. దీనినే ఫిఖహ్‌లో ‘ఖియారె ఐబ్’ అంటారు. కాబట్టి ప్రతి వస్తువూ ఏ ఊరి నుండి వచ్చింది, దేనికి వాడారు, ఎక్కడ అతుకు వేశారు అన్నది పుస్తకంలో వ్రాసి పెట్టుకోవాలి. తెలిసినంతే చెప్పాలి.

పాత వస్తువులు ఏడాది పొడవునా అమ్ముడుపోవు. దుకాణాన్ని నిలబెట్టేవి కొత్త కానుకలే. అందుకు దూరం పోనక్కరలేదు. ధర్మవరం పట్టు ఉంది. ఆ మండలంలోని నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు, దీపాల తొడుగులు చేస్తారు. ఆ కళకే దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. హిందూపురం మీదుగా లేపాక్షికి వెళ్ళే యాత్రికులున్నారు. రాష్ట్ర హస్తకళల సంస్థ దుకాణాలకు ఆ లేపాక్షి పేరే పెట్టారు.

ఇక భవనం మాట. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ పొట్టు రాలుతుంది. సున్నంతోనే మరమ్మతు చేయించాలి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి నూరు మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి.

అంగడి పెట్టేవారు రేపో ఎల్లుండో పెడతారు. అంతదాకా మీ అటక మీది పాన్‌దాన్‌ను బండికి వేయకండి. అది ఎవరిదో మీ పిల్లలకు ఈ రోజే చెప్పండి.